సెల్లారులో ఆడగొంతు

ఆ ఆస్పత్రి సెల్లారులో సీటీ స్కాన్ గది ఉందే... దాని పేరెత్తితే గోడమీది బల్లి తోక వదిలేసి పారిపోతుంది. అక్కడ పడుకున్నవాళ్ళకి ఒళ్ళంతా నిప్పు పాకుతుందట. మనిషి లేకుండానే ఆడగొంతు పలుకుతుందట!

మా మరిది చెప్పిందే చెబుతున్నా. నేను కలిపింది చిటికెడు... మహా అయితే శేరు.

మరిది లారీ డ్రైవరు. ముద్దుపేరు సింహం. కడుపు వెనకుండే క్లోమగ్రంథి వాచి మూడు వారాలుగా ఆ ఆస్పత్రిలోనే ఉన్నాడు. తగ్గిందనుకున్నామా, ఆ రాత్రి మళ్ళీ జ్వరం — నుదుటిమీద నీళ్ళు చల్లితే ఆవిరొచ్చేంత!

"వాపు పక్కన నీరు చేరి చీము పట్టినట్టుంది," అంది డాక్టరమ్మ. "ఎక్కడుందో స్కాన్‌లో చూస్తేనే గొట్టం వేసి లాగగలం. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు."

"వదినా... ఆ గదికి మాత్రం వద్దు," అని గొణిగింది సింహం.

"ఇక్కడే ఉంటే నువ్వే దెయ్యమవుతావు. పదవయ్యా!"

వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ రెండు చెవుల్లో దూది కుక్కుకున్నాడు — ఆ గొంతు వినపడకూడదని. స్కాన్ తీసే ఆయన వచ్చి, మరిది చేతికి సూది గుచ్చి ఏదో చెబుతుంటే, గంగిరెద్దులా తలూపాడు.

తలుపు మూసుకుంది.

బల్ల దానంతటదే కదిలింది... గుండ్రటి నోట్లోకి జారింది...

పాతాళంలోంచి వచ్చినట్టు — ఆడగొంతు!

"ఊపిరి... బిగబట్టండి..."

దెయ్యానికి మర్యాద కూడానా! ఊపిరి అప్పటికే ఆగిపోయింది.

అంతలో... సూదిలోంచి సెగ! గొంతులోకి... ఛాతీలోకి... పొట్టలోకి... ఇంకా కిందికి... వెచ్చగా!

పూనేసింది! మరిది కట్టెలా బిగుసుకుపోయాడు.

తలుపు తెరిచాక నేనూ లోపలికెళ్ళాను.

"ఇంత కదలకుండా పడుకున్న మనిషిని చూళ్ళేదమ్మా!" అన్నాడు స్కాన్ ఆయన. "చీము తిత్తి అద్దంలో చూసినట్టు దొరికింది. తెల్లారేలోపు గొట్టం వేసేస్తారు."

నా ప్రాణం లేచొచ్చింది. మరిది చెవుల్లో దూది పీకాను.

"దెయ్యం వదినా... నిప్పులా పాకింది... పక్క కూడా తడిపేసింది!"

స్కాన్ ఆయన నవ్వాడు. "ఆ గొంతు మిషన్లో రికార్డు చేసింది. ఆ వేడి, బొమ్మ బాగా రావాలని ఎక్కించిన మందుది. పక్క తడిపినట్టు అనిపిస్తుందని ముందే చెప్పాగా... అనిపిస్తుందంతే. నిజంగా తడవదు."

ముగ్గురం బల్లకేసి చూశాం.

టప్... టప్... టప్...

సింహం నా చేతిలో దూది లాక్కుని, మళ్ళీ చెవుల్లో పెట్టేసుకుంది.