రెండో పరుగు

సాయంత్రమైతే విశాఖలో ప్రతి ఇంటి గోడా క్రికెట్ మైదానమైపోతుంది. పోయినవాళ్లూ, రిటైరైనవాళ్లూ, నిన్నమొన్నటివాళ్లూ అందరూ ఒకే వయసుతో, ఒకే ఎండలో ఆడతారు. ఆడేది మనుషులు కాదు, వాళ్ల ప్రతిరూపాలు. పాత వీడియోల నుంచి వాటిని కాలతుల అనే యంత్రం అల్లుతుంది. ఏ తరంవాడు గొప్ప అన్న తగువు టీకొట్ల దగ్గర వినిపించి చాలా కాలమైంది. తుల తేల్చేశాక ఇక నోరెత్తేదెవరు?

ఆ రోజు తూగవలసినవాడు భానోజీ. బౌండరీ దగ్గర ఫీల్డింగే అతని ఆట, బ్యాటు పట్టింది మొక్కుబడికే. నెగ్గితే అతని ప్రతిరూపం నిత్యజట్టులో చేరి రోజూ ఆడుతుంది. ఓడితే ఈ పూటతో ఆరిపోతుంది. డెబ్బై దాటిన భానోజీకి పేరు మీద ఆశ లేదు. గడ్డి మీద తన కుర్రతనపు పరుగును రోజూ ఒక్కసారి చూసుకోవాలని మాత్రం ప్రాణం కొట్టుకుపోతోంది. మోకాళ్లు పోయినంత మాత్రాన కోరిక పోతుందా?

తులశాలలో అతని పక్కన సుభానీ కూర్చున్నాడు. గుంటూరు బ్యాటరు, ఒకప్పటి ప్రత్యర్థి, ఇప్పటి నేస్తం. సుభానీ ప్రతిరూపం నిత్యజట్టులో ఎప్పుడో చేరింది. ఇవాళ మొదటి బ్యాటింగ్ దానిదే.

గోడ మీద బంతి బౌండరీ వైపు దూసుకెళ్లింది. పాతికేళ్ల భానోజీ పరిగెత్తి ఒంటిచేత్తో అందుకున్నాడు. ముసలి భానోజీ కుడి భుజం తనంతట తానే కదిలింది. బ్యాటరు మాత్రం ఆగకుండా రెండో పరుగుకి తిరిగాడు.

"ఆగరా సన్నాసీ, బంతి భానోజీ చేతిలో ఉంది," అన్నాడు సుభానీ, గోడ మీది తనతోనే.

విసురు నీరసంగా వచ్చింది. రెండో పరుగు పూర్తయింది. తర్వాతి బ్యాటర్లూ అదే పని చేశారు.

"అది నా ఇసురు కాదమ్మా," అన్నాడు భానోజీ, తుల నడిపే హైమతో.

"మీ విసురు ఏ వీడియోలోనూ లేదండి. బంతి మీ చేతికొస్తే ఎవరూ రెండో పరుగు తీయలేదు. మీరు తాపీగా కీపరుకి అందించారంతే. ఆధారం లేనిచోట తుల సగటు విసురు వేసుకుంటుంది."

"విజయనగరం మట్టి గ్రౌండులో రెండో పరుక్కి పోతే ఒక్క విసురుతో నన్ను ఔట్ చేశాడమ్మా. అక్కడ కెమెరాలెక్కడియి? ఆ కబురు విన్నోడెవడూ మళ్లీ సాహసం చెయ్యలా," అన్నాడు సుభానీ.

"జరగని పరుగుని తుల తూచలేదండి," అంది హైమ. ఆ మాట అనడం ఆమెకూ కష్టంగానే ఉంది.

గోడ మీది కుర్రాడు ఆరిపోయాడు. భానోజీ కళ్లు తుడుచుకున్నాడు, దాచుకోలేదు కూడా.

"నాదీ ఆర్పెయ్యి తల్లీ," అన్నాడు సుభానీ.

"మీరు నెగ్గినవారు కదండీ. ఆర్పితే మళ్లీ రాదు."

"ఊరుకో సుభానీ. నీ మనవలు రోజూ సూస్తారు కదా," అన్నాడు భానోజీ.

"ఎవుణ్ణి చూస్తన్నారు? నీ చేతిలో బంతుండగా రెండో పరుక్కి పోయినోడు నేను కాదు. ఎవుడో."

హైమ ఎంత చెప్పినా వినలేదు. గోడ మీది సుభానీ ఆరిపోయాడు.

ఇద్దరూ బయటికొచ్చి పక్కనున్న అసలు మైదానంలోకి నడిచారు. ఆడేవాళ్లు లేక అక్కడ మోకాలెత్తు గడ్డి. సుభానీ ఎక్కడిదో ఒక పాత బంతిని కర్రతో కొట్టి, కుంటుతూ ఒక పరుగు తీశాడు. భానోజీ మెల్లగా వంగి బంతి తీసుకున్నాడు. ఆ భుజానికి ఇక విసిరే సత్తువ లేదని ఇద్దరికీ తెలుసు.

సుభానీ రెండో పరుగుకి ఒక అడుగు వేశాడు. భానోజీ వైపు చూశాడు. ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు.