చిరగని గ్లౌజులు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ మధ్యాహ్నం సూర్యాపేటలో రోళ్ళ సంగతేమో గానీ మనుషులు మాత్రం పగిలిపోయేలాగే ఉన్నారు. మార్కెట్ యార్డు వెనక డిటెక్టివ్ శ్రీహరి ఆఫీసులో ఫ్యాను ఉన్న వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది. అసిస్టెంటు హారిక కిటికీకి తడిగుడ్డ కడుతుండగా ఒక ఆడమనిషి గుమ్మంలో వచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. చేతిలోని సంచి లోంచి నల్లటి గ్లౌజుల జత తీసి శ్రీహరి ముందుకు చాపింది.

"సార్, ఇవి యాడన్న చిరిగినయా సూడుండ్రి."

శ్రీహరి వాటిని తిరగేసి, లోపలిది బయటికి తీసి కూడా చూశాడు. ఎక్కడా చిరుగు లేదు. లోపల ఒక్క నెత్తుటి మరకా లేదు.

"మరి ఇవి తొడుక్కున్న మా ఆయన గోర్లు ఎట్ల ఇరిగినయ్ సార్?"

హారిక చేతిలోని తడిగుడ్డ జారి కింద పడింది.

ఆమె పేరు ఉమ, ఊరు చివ్వెంల. భర్త లక్ష్మణ్ తుక్కుకు పోవాల్సిన ఒక పాత బుల్లెట్టును తెచ్చి, దానికి ప్రాణం పోసి, దాని మీదే తిరిగేవాడు. పోయినవారం పొద్దున బయల్దేరిన మనిషి ఆ రాత్రి ఇంటికి రాలేదు. మర్నాడు హుజూర్‌నగర్ దాటాక, మిర్యాలగూడ రోడ్డు పక్క కాలువ కట్ట దిగువన పొదల్లో కనిపించాడు. పక్కనే బండి పడి ఉంది. హెల్మెట్, చేతులకు గ్లౌజులు, మెడదాకా జిప్పు లాగిన జాకెట్. వడదెబ్బ అని డాక్టరు రాశాడు. గోళ్ళు కంకరకు చెక్కుకుపోయి ఉంటాయన్నారు పోలీసులు.

ఊరు ఇంకో మాట అంది. ఎండాకాలంలో జాకెట్ వేసుకునేవాడు బతుకుతాడా అని. ఆ జాకెట్ కొనిచ్చింది ఉమ. ఒకసారి బండి మీంచి పడి మోచేతులు చీరుకుపోయాయని, పట్టుబట్టి తెప్పించింది. ఇప్పుడు అత్త తిరుపతమ్మ ఆమె చేతి మంచినీళ్ళు కూడా ముట్టడం లేదు. నీ జాకెట్టే నా కొడుకును ఉడకబెట్టిందని నలుగురిలో అనేసింది.

"నేనే సంపిన్నా సార్? నాకు గదొక్కటి జెప్పుండ్రి, సాలు."

శ్రీహరి ఆమెను కూర్చోబెట్టి నీళ్ళిప్పించాడు. లక్ష్మణ్ ఎండలో ఆ జాకెట్ ఎలా వేసుకునేవాడో చెప్పమన్నాడు. ఇదేం ప్రశ్న అనుకుంది హారిక. కానీ ఆయన అడిగిన పిచ్చి ప్రశ్నలన్నీ చివరికి ఎక్కడ తేలతాయో ఆమెకు అనుభవమే.

"మా మామ గొర్ల కాడ నడి ఎండల గూడ గొంగడి కప్పుకుంటుండె. కప్పుకున్న ఒళ్ళు కాలది అనేటోడు. ఈయన గూడ గంతే. బనీను నీళ్ళల్ల ముంచి పిండి తొడిగి, దాని మీద జల్లెడ లెక్క బొక్కలుండే జాలీ జాకెట్ ఏసుకుంటడు. గాలి తాకంగనే సల్లగుంటదట. అంగీ నలుగొద్దని సంచిల పెట్టుకొని, దిగినంక తొడుక్కుంటడు."

"దవాఖానలో జాకెట్ విప్పినప్పుడు కింద ఏముందమ్మా?"

"అంగీ. గుండీలన్నీ పెట్టే..." ఉమ అక్కడే ఆగిపోయింది.

శ్రీహరి కళ్ళు మూసుకున్నాడు. హారిక ఆ మాట రాసుకుని కింద గీత గీసింది.

ఆ రోజు లక్ష్మణ్‌కు రెండు పనులు. కోదాడలో విత్తనాల షాపు రాజేందర్‌ను నిలదీయడం మొదటిది. అతనిచ్చిన మిర్చి విత్తనం నకిలీదై చివ్వెంలలో సగం చేలు కాయలేదు. ఊరందరినీ కూడగట్టి కేసు పెడతానని లక్ష్మణ్ తిరుగుతున్నాడు. రెండోది, మిర్యాలగూడలో మెకానిక్ పరశురాములుకు బండి చూపించడం.

ముందు పరశురాములు దగ్గరికి వెళ్ళారు. ఆ బుల్లెట్టును తనకు అమ్మమని పరశురాములు లక్ష్మణ్ వెంటపడి, ఇవ్వనంటే తగాదా పడ్డాడని తెలిసి హారిక అతన్నే అనుమానించింది. అతను మాత్రం బండి గురించి చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజు పొద్దుగూకేదాకా చూశాననీ, లక్ష్మణ్ రానే లేదనీ అన్నాడు.

"గది మామూలు బండి గాదు సార్. కొత్తోడు కిక్ కొడితే ఎదురు తంతది. కుడికాలు ఖతం. లక్ష్మణ్ ఒక్కని మాటే ఇంటది."

కోదాడలో రాజేందర్ ఎంతో మర్యాద చేశాడు. మజ్జిగ తెప్పించి, తానే తెచ్చి ఇచ్చాడు. నడుస్తుంటే కొంచెం కుంటుతున్నాడు. బాత్రూంలో జారానన్నాడు.

"ఆ రోజు నేను చెప్తానే ఉన్నానండీ, ఈ ఎండలో జాకెట్ వద్దు లక్ష్మణ్ అని. నా కళ్ళముందే చొక్కా మీద తొడుక్కుని వెళ్ళాడు. ఎవరి మాట వింటాడు?"

షాపు వెనక రేకుల గోదాము, దాని ముందు సరుకు బండి ఉన్నాయి. గోదాము షట్టర్ సగం ఎత్తి ఉంది. శ్రీహరి కళ్ళతోనే సైగ చేస్తే హారిక వంగి లోపలికి చూసింది. పొయ్యిలో తల పెట్టినట్టయింది. కిటికీ లేదు. షట్టర్ బయటివైపు తుప్పు పట్టి ఉంది. లోపలివైపు మాత్రం కొత్త నీలం రంగు, అదీ నిలబడ్డ మనిషి చెయ్యి అందేంత వరకే. బయట వదిలేసి లోపల రంగు వేసుకునేవాడెవడా అని ఆమె అప్పుడు నవ్వుకుంది. తిరిగి వచ్చే దారిలో చివ్వెంల పొలిమేర దాటుతుండగా సంగతి అర్థమై, కారు ఆపమని, ఆ రంగు గురించి శ్రీహరికి చెప్పింది.

మరుసటి రోజు లక్ష్మణ్ ఇంటి ముందు పందిట్లో అందరూ కూర్చున్నారు. పిలవగానే రాజేందర్ వచ్చాడు, రాకపోతే బాగుండదనుకున్నాడేమో. పరశురాములు ఒక మూల నిలబడ్డాడు. శ్రీహరి చెప్పిందంతా ముందే విన్న ఎస్సై గోడవారన కుర్చీలో కూర్చున్నాడు. తిరుపతమ్మ కోడలి వైపు చూడకుండా గడప మీద కూర్చుంది.

శ్రీహరి గొంతు పెంచలేదు. డాక్టరు అబద్ధం రాయలేదన్నాడు. లక్ష్మణ్ వడదెబ్బతోనే పోయాడు, కానీ రోడ్డు మీద కాదు. ఎండలో బండెక్కే లక్ష్మణ్ జాకెట్ కింద తడి బనీను తప్ప అంగీ వేసుకోడు. అంగీ మీద జాకెట్ తొడిగింది ఆ అలవాటు తెలియని ఇంకొకరు. గోళ్ళు విరిగి, నెత్తురు ఆరిపోయాక గ్లౌజులు తొడిగారు. అందుకే అవి చిరగలేదు, వాటికి మరక అంటలేదు.

"ఎండల జాకెట్టా అని ఊరంతా లక్ష్మణ్‌ను చూసి నవ్వే సంగతి ఆ తొడిగినవాడికి తెలుసు. ఆ నవ్వునే అడ్డం పెట్టుకున్నాడు. శవాన్ని సరుకు బండిలో వేసుకున్నాడు. బుల్లెట్టును ఒక్కడే ఎత్తలేడు కాబట్టి, సరుకు బండికి చెక్క పలక ఆనించి, స్టార్ట్ చేసి దాని మీదుగా ఎక్కించాలి. పరశురాములూ, కొత్తవాడు కిక్ కొడితే ఏమవుతుందన్నావు?"

"కుడికాలి పిక్క కమిలిపోతది సార్. నెల దాక మచ్చ పోదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు రాజేందర్ చెయ్యి కుడికాలి ప్యాంటు మీదికి పోయింది. పందిట్లో అందరూ అది చూశారు.

అప్పుడే ఎస్సై ఫోను మోగింది. ఆయన విని, లేచి నిలబడ్డాడు. కోదాడ గోదాములో షట్టర్ లోపలి రంగు గీకించారు. దాని కింద గోళ్ళ గీతలున్నాయి, పైనుంచి కిందిదాకా.

రాజేందర్ తల ఎత్తకుండానే అన్నాడు.

"చంపాలని కాదండీ. కేసు పెడతానన్నాడు. కాసేపు భయపడతాడని తాళం వేశాను. పనిమీద విజయవాడ వెళ్ళి, రాత్రి వచ్చి తీస్తే..."

ఎస్సై అతన్ని లేపి జీపెక్కించాడు. హారికకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఉమ మాత్రం కదల్లేదు. ఆమె అడిగింది ఒక్కటే, దానికి జవాబు ఇంకా రాలేదు. శ్రీహరి ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఆ గోదాములో ఆయన ఒంటి మీద జాకెట్ లేదమ్మా. ఆయన అలవాటు ప్రకారం దాన్ని వేసుకుని బండెక్కి ఉంటే, ఆ పూట ఇంటికి వచ్చేవాడు."

తిరుపతమ్మ గడప మీంచి లేచింది. పశువుల కొట్టంలో తాను విసిరేసిన జాకెట్ తెచ్చి, దుమ్ము దులిపి, భర్త గొంగడిని మడిచినట్టే నాలుగు మడతలు పెట్టింది. కోడలి ఒళ్ళో ఉంచి పక్కనే కూర్చుంది.

"జర నీళ్ళియ్యి బిడ్డా," అంది.