మధులత ఐస్ పెట్టె

సముద్రం మధ్య దీవిలో ఉన్న డాలీగంజ్‌లో గోపీచంద్‌కి చేపల కోల్డ్ స్టోరేజీ ఉంది. తనకి అన్నీ తెలుసన్న నమ్మకమూ ఉంది. కోల్డ్ స్టోరేజీకి అప్పుడప్పుడూ కరెంటు పోతుంది, నమ్మకానికి ఎప్పుడూ పోదు.

వైజాగ్ నుంచి రీసెర్చికొచ్చిన మధులత, ల్యాబ్‌లో ఫ్రీజర్ పాడై, ఓ తెల్ల థర్మోకోల్ పెట్టెతో వచ్చింది.

"పొద్దున్నే చెన్నై ఫ్లైట్‌లో పంపాలండీ. ఈ రాత్రికి ఉంచుతారా?"

"ఏముంది మేడమ్? చందువ చేపా?"

"లంగ్ క్యాన్సర్ పేషెంట్ల ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు. కణితి వదిలే యాంటిజెన్లని, అంటే కొన్ని ప్రోటీన్లని, అందులోంచి వేరుచేస్తాం. అవి దొరికితే ముందు ముందు జబ్బుని తొందరగా పట్టుకోవచ్చు."

"అచ్ఛా! నీళ్ళలోంచి పట్టుకోవడమేగా. మా పనీ అదే."

మధులత చూసిన చూపుకి ఫ్రీజర్ అక్కర్లేకుండానే గడ్డకట్టాడు.

"మూత మీద రాశాను. చదివారుగా?"

గోపీచంద్ గంభీరంగా చూశాడు. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ. గడగడా మాట్లాడతాడు గానీ, తెలుగులో ఒక్క అక్షరం చదవలేడు. ఇంత అందమైన అమ్మాయి ముందు ఆ మాట ఒప్పుకుంటాడా?

"చదివాను. చాలా బాగా రాశారు."

అక్కడున్నది "ముట్టుకోవద్దు" అని.

పొద్దున చూస్తే అన్నీ తెల్ల పెట్టెలే. మధులతది తప్ప అన్నిటి మీదా వాళ్ళమ్మ అప్పలకొండమ్మ తెలుగులో రాసిన చిరునామాలే. ఆవిడేమో బజారుకెళ్ళింది. మన మేధావి ఓ పెట్టె ఎంచి, ఫ్లైట్ హడావుడిలో మూత వైపు చూడని మధులతకిచ్చి, మిగతావి వండూర్ రిసార్టులకెళ్ళే వ్యాన్ ఎక్కించాడు.

గోపీచంద్ బైకు మీద దింపాక, ఎయిర్‌పోర్టు బయట మధులత మూత తీస్తే వంజరం చేప. వెంటనే వండూర్ రిసార్టు వంటవాడి ఫోన్.

"భయ్యా, ఈ ట్యూబుల్లో పచ్చగా ఉన్నదేంటి? సూపా?"

"ముట్టుకోకు!" గోపీచంద్ అరిచాడు.

వర్షంలో బైకు పరుగెత్తింది. వెనకనుంచి మధులత ఏడుపు.

"దానయ్యగారని ఒక పేషెంటు, ఆయనదీ అందులోనే ఉంది. 'నాకు కాకపోయినా ఇంకొకడికి పనికొస్తుందిలే, తీసుకో అమ్మా' అన్నారు. పోయిన వారం చనిపోయారు. మళ్ళీ ఎవర్ని అడగను?"

గోపీచంద్‌కి జోకు రాలేదు. బైకు వేగం పెంచాడు.

వండూర్ చేరి చూస్తే ట్యూబులన్నీ భద్రంగానే ఉన్నాయి. ఐస్ కూడా కరగలేదు.

"నాకు తెలుగు చదవడం రాదండీ. సారీ."

"తెలిసింది. వంజరం చెప్పింది."

పెట్టె మధ్యాహ్నం ఫ్లైట్‌కి వెళ్ళింది. ఆ సాయంత్రమే గోపీచంద్ అక్షరాలు నేర్పమని అమ్మ ముందు కూర్చున్నాడు. ఎందుకని ఆవిడ అడగలేదు. "ఆ పిల్ల చేపలు తింటుందా?" అని మాత్రం అడిగింది.

నెల తిరిగాక మధులత ఇంకో పెట్టె ఉంచి వెళ్ళింది. పొద్దున వచ్చేసరికి మూత మీద వంకరటింకర అక్షరాలు: "ఇది మధులతది. నేను కూడా."

ఆమె రెండుసార్లు చదివింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎక్స్‌పైరీ డేట్ రాయలేదే?"

"ఆ పాఠం మాత్రం నేర్చుకోను," అన్నాడు గోపీచంద్.