ఆ మూల రాడ్డు ఎవరూ ముట్టరు

ఆ జిమ్ములో వెనక మూలకి ఎవరూ వెళ్ళరు.

సెల్లార్లో ఉంటుందా జిమ్ము. ముందు గదిలో అద్దాలు, లైట్లు, చెవులు చిల్లులుపడే పాటలు. వెనక మూలలో మాత్రం ఓ పొడవాటి రాడ్డు, దాన్ని మోసే ఇనప స్టాండు, పైన మాడిపోయిన బల్బు. బరువు మెడ మీద పడి అక్కడెవడో పోయాడట. రాత్రి ఖాళీగా వదిలిన రాడ్డుకి తెల్లారేసరికి బరువుల బిళ్ళలు ఎక్కి ఉంటాయట. షట్టరు దించాక లోపల్నుంచి ఊపిరి వినిపిస్తుందట... "హుఁ..." అని.

ఇవన్నీ విని కూడా అక్కడికి వెళ్ళినవాడు మా తోడల్లుడొక్కడే. ఆయన నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. పుట్టి బుద్ధెరిగాక ఎత్తిన పెద్ద బరువు ఫ్రేముల పెట్టె. ఓ రోజు మా మామగారు స్నానాలగదిలో జారిపడ్డారు. లేపబోయి ఈయనా పక్కనే పడ్డాడు. ఇద్దర్నీ మా వదినే లేపింది.

మామగారు ఒక్క మాటే అడిగారు. "మీకేం తగల్లేదు కదా, అల్లుడుగారూ?"

ఆ మర్యాదే గుండెల్లో గుచ్చుకుంది.

మర్నాడే, బరువులెత్తడం కొత్తగా మొదలెట్టేవాళ్ళ బార్‌బెల్ పద్ధతి ఒకటి ఫోన్లో పట్టుకున్నాడు. వారానికి మూడు రోజులు. రాడ్డు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవాలి, నేల మీంచి ఎత్తాలి, తలపైకి నెట్టాలి. ఐదేసి సార్లు. వెళ్ళినప్పుడల్లా రెండున్నర కిలోలు పెంచాలి. అంతే!

మరి రాడ్డేదీ? మొదటి జిమ్ములో, "అది తీసేసి జ్యూస్ కౌంటర్ పెట్టాం సార్" అన్నారు. రెండోదాంట్లో స్టాండుంది, దాని మీద తడి తువ్వాళ్ళు ఆరుతున్నాయి. మూడోది ఈ సెల్లారు.

ట్రైనరు గొంతు తగ్గించి కథంతా చెప్పాడు. "అటు వద్దు సార్... అద్దం ముందు చేతుల ఎక్సర్‌సైజులు చేసుకోండి. అందరూ అవే చేస్తారు."

నిజమే. ఒక్కొక్కడి చేతులు గుమ్మడికాయలు, కాళ్ళు చీపురుపుల్లలు. దెయ్యం పేరు చెప్పి కాళ్ళకి శ్రమ లేకుండా ఎన్నేళ్ళుగా నెట్టుకొస్తున్నారో!

తను తడబడటం ఎవరూ చూడకూడదని, మా తోడల్లుడు తెల్లవారుజామున ఐదింటికే వెళ్ళాడు. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల చీకటి.

ఫోన్ లైటు వేసుకుని మూలకి వెళ్ళాడు. రాడ్డుకి అటూ ఇటూ పెద్ద పెద్ద బిళ్ళలు. తీసి పక్కన పెట్టాడు. రాడ్డు మీద చెయ్యి వేశాడు—

వెచ్చగా ఉంది.

వెనక్కి పోదామనుకున్నాడు. మామగారి మాట గుర్తొచ్చింది. పళ్ళు బిగించి భుజాలకెత్తుకున్నాడు. ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదోసారి కూర్చున్నాడు.

లేవలేదు.

రాడ్డు ఇంకా కిందికే నొక్కుతోంది. అప్పుడు... వీపు వెనక... "హుఁ..."

రెండు చేతులు రాడ్డు కిందికి వచ్చాయి.

"గాలి బిగబట్టు..." అని గుసగుస. "మడమల మీద బలం వేసి లే..."

లేచాడు. రాడ్డు స్టాండు మీద పడేసి, వెనక్కి తిరిగాడు. కొంగు నడుముకి బిగించి, చెమటలు కక్కుతూ... జిమ్ము ఊడ్చే పెద్దమ్మ!

"మీరా! మరి... ఆ పోయినవాడు?"

"ఎవడూ పోలేదు బాబూ. ఆ కథ నేనే పుట్టించా. నీళ్ళ డబ్బాలు మోసి మోసి నడుం పట్టేసింది. గోడ మీద కసరత్తు బొమ్మలు చూసి ఇది మొదలెట్టా. ఈ వయసులో నీకెందుకని నవ్వాడు ట్రైనరు. సరే, ఊడ్చేటప్పుడు చేసుకుందామంటే, ఎవడో ఒకడు ఇక్కడ కూర్చుని గంటసేపు ఫోన్ చూసుకునేవాడు. లేస్తేగా! దెయ్యం ఉందన్నా... మర్నాటికి ఖాళీ."

"ఆ బిళ్ళలు?"

"నావే. అరవై కిలోలు. ఎవరినడిగి తీశావు?"

ఆ రోజు నుంచి ఇద్దరూ వంతులేసుకుని చేస్తున్నారు. ఆయన నడుం వంగితే ఆవిడ చీపురు తిరగేస్తుందట.

మొన్న కొత్తగా చేరిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన మా తోడల్లుణ్ణి అడిగాడు. "ఆ మూల స్టాండు ఖాళీగానే ఉందిగా, వాడుకోవచ్చా?"

మా తోడల్లుడు అటూ ఇటూ చూశాడు. దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించాడు.

"వద్దండీ... ఇదివరకు ఒక్కటే ఉండేది. ఈమధ్య... రెండు కనిపిస్తున్నాయట."