పసుపు పెట్టిన పీట

అంకెపీట మీద నిలబడ్డ కోటమ్మ వట్టికాళ్ళను ఒకదానికొకటి రాసుకుంటూ, "చచ్చిపోతన్నానే తల్లీ, తొందరగా తేల్చు," అంది పీటతో.

పీట ఒకసారి నీలంగా వెలిగింది. ఆమె బరువు చూసింది, ఎముక చూసింది, నిలబడ్డ తీరు చూసింది. గోడమీద అంకె పడింది. బయట ఆనించి ఉన్న ఆమె మంచుపలకల మీద మరలు వాటంతటవే తిరిగి ఆ అంకె దగ్గర ఆగాయి.

"చూశారా, నా కోడలికీ నాకూ ఒకటే అంకె. పీట నన్ను పడుచుదాన్ని చేసేసింది."

"నిన్ను పడుచుని చేసిందో, మమ్మల్ని ముసలాళ్ళని చేసిందో," అన్నారు వెనకనించి ఎవరో. వరసలో నవ్వు పుట్టింది.

పీట పక్కన నిలబడ్డ నాంచారయ్య నవ్వలేదు. కూతురి పెద్దకర్మ నిన్ననే అయింది, ఆయన నవ్వకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు. కానీ ఆయన గుండెలో ఉన్న రాయి వేరు.

ఎగువపాలెంలో పొద్దున్నే ముఖం కడుక్కున్నాక చేసే పని పీటెక్కడం. సముద్రం పైకొచ్చి కింద పల్లెలు మునిగాక, మైదానంలో ఎండకు మనిషి నిలవలేని రోజులొచ్చాక, వీళ్ళ తాతలు హిమాలయాల్లో ఈ వాలుకు ఎక్కొచ్చారు. ఇక్కడ రోడ్డు వేస్తే ఏడాది నిలవదు. పనికైనా పెళ్ళికైనా పలకలు కట్టుకుని మంచుమీద జారి పోవలసిందే. బూటును పలకకు బిగించి ఉంచేది పట్టు. మనిషి పడ్డప్పుడు అది బూటును వదిలెయ్యాలి, లేకపోతే కాలి ఎముక పుటుక్కుమంటుంది. పడనప్పుడు మాత్రం వదలకూడదు. ఎంత బలం మీద పడితే వదలాలో చెప్పేదే విడుపు అంకె; అది చిన్నదైతే కొద్ది బలానికే వదిలేస్తుంది.

పూర్వం ఆ అంకె నాంచారయ్య పెట్టేవాడు. "ఎట్టా జారతావు? మెల్లగానా, దూకుడుగానా?" అని అడిగి స్క్రూడ్రైవరు తిప్పేవాడు. కుర్రాళ్ళు లేని దూకుడు చెప్పేవాళ్ళు. ఏటా కొందరికి కాళ్ళు విరిగేవి. పీట వచ్చాక ఒక్క కాలూ విరగలేదు. అంతేకాదు, పొద్దున వెళ్ళినవాళ్ళందరూ ఇళ్ళకు చేరిందీ లేనిదీ సాయంత్రం ఇంటింటికీ వినిపించేది కూడా పీటే. ఊరు దాన్ని దేవతలా చూసుకుంది.

అందుకే మొదటి దసరాకు నాంచారయ్యే పీటను కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ఆయుధపూజలో కొబ్బరికాయ కొట్టాడు. మర్నాడు కోటమ్మ బూట్లు పక్కన విప్పి ఎక్కింది. ఆమె వెనక అందరూ విప్పారు. ఎవరైనా మరిచిపోతే నాంచారయ్య గుర్తు చేసేవాడు. పసుపు వెలిసినప్పుడల్లా మళ్ళీ రాసేవాడు.

కూతురు పేరంటాలు ఒకనాడు అడిగింది. "కాలు జివ్వుమంటంది నాన్నా. బూట్లతో ఎక్కితే ఏం?"

"పసుపు పెట్టిన పీటమ్మా. చెప్పుకాళ్ళతో పసుపు తొక్కుతామా?"

"నీ పీట నాకంటే ఎక్కువైపోయింది నీకు," అని నవ్వి బూట్లు విప్పింది.

పేరంటాలు అడ్డవాలు అవతల గాజుకప్పు తోటల్లో టమాటా మొక్కలు చూసేది. అడ్డవాలంటే లోయ పైన కొండకు అడ్డంగా సాగే దారి. అక్కడ పలక అంచు మంచులోకి కొరికించి, దాని మీద బరువంతా వేసి దాటాలి. పేరంటాలు అలాగే వేసింది. పడలేదు, తూలలేదు. నడిమధ్యలో లోయవైపు కాలి పట్టు టక్కున విడిపోయింది. పలక ఒక్కటీ మంచుమీద నిలబడి ఉంది, మనిషి లోయలో ఉంది. ఆ సాయంత్రం పీట, ఒకరు ఇంటికి చేరలేదని చెప్పింది.

పీటలు చేసేవాళ్ళు సునయన అనే ఆమెను పంపారు. ఆమె పట్టు విప్పి చూసింది, పీట విప్పి చూసింది. ఈరోజు తెల్లవారగానే వచ్చి, పీట పక్కన విప్పి ఉన్న బూట్ల వరస చూసి, నాంచారయ్యను పక్కకు పిలిచింది.

"పీటకు బూటు తెలుసు తాతగారూ, వట్టికాలు తెలీదు," అంది. "చల్లటి ఇనుము మీద ఎవరి కాలైనా ముడుచుకుంటుంది. దాన్ని పీట బెరుకు అనుకుంది. సరిగా నిలబడలేని మనిషని అందరికీ చిన్న అంకె ఇచ్చింది. బూట్లు విప్పి ఎక్కుతారని చేసినవాళ్ళు అనుకోలేదు. ఇంకెక్కడా ఎవరూ అలా ఎక్కలేదు."

నాంచారయ్య పీట మీది పసుపు వైపు చూశాడు.

"ఇవాళ అడ్డవాలు మళ్ళీ తెరుస్తున్నారు. నేను చెప్పనా, మీరు చెప్తారా?"

"నేనే చెప్తా," అన్నాడాయన.

అలా అన్నవాడు కోటమ్మ పీట దిగేదాకా నోరు పెగల్చుకోలేకపోయాడు. వరస చివర అల్లుడు ఏడుకొండలు ఉన్నాడు. చేతిలో విప్పిన బూట్లు. పేరంటాలు పోయాక కూడా మామా అల్లుళ్ళు ఒకే ఇంట్లో ఒకే కుండ కూడు తింటున్నారు. నాంచారయ్యకు ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్కడే. ఇప్పుడు నోరు తెరిస్తే వాడు వింటాడు. తెరవకపోతే వీళ్ళంతా ఈ అంకెలతోనే అడ్డవాలు ఎక్కుతారు.

కోటమ్మ తలుపు వైపు కదిలింది.

"ఆగు వదినా. బూట్లు తొడుక్కుని మళ్ళీ ఎక్కు. ఇవాళ్టినించీ అందరూ బూట్లతోనే ఎక్కాలి."

"మతి గానీ పోయిందా నీకు? పసుపు మీద బూట్లా?"

"ఈ అమ్మాయి చెప్పిందా బాబాయ్?" అన్నాడొకడు సునయన వైపు చూసి. "ఆవిడకేం తెలుసు మన పద్ధతి?"

"ఆవిడ చెప్పలేదు, నేను చెప్తన్నా. పేరంటాలు పట్టు ఎందుకు ఊడిందో తెలుసా మీకు?"



"మరలో తేడా అన్నారుగా మావయ్యా," అన్నాడు ఏడుకొండలు.

"మరలో తేడా లేదు నాయనా. దానికి పెట్టిన అంకెకే అది ఊడింది." నాంచారయ్య పీట వైపు చెయ్యి చూపించాడు. "వట్టికాళ్ళతో ఎక్కి వణికితే పీట మనల్ని చేతకానోళ్ళనుకుంది. అందరికీ ముసలాళ్ళ అంకె ఇచ్చింది. మెత్తటి వాలు మీద ఊడితే, పీట చల్లగా చూసిందని నవ్వుకున్నాం. అడ్డవాలు మీద..."



"బూట్లు విప్పింది మొదట నేను," అంది కోటమ్మ సన్నగా.

"నువ్వు విప్పావు. విప్పాలని నియమం పెట్టింది నేను." ఆయన అల్లుడి వైపు చూశాడు. అక్కడితో ఆపెయ్యొచ్చు. ఆపలేదు. "అది అడిగింది కూడా. బూట్లతో ఎక్కితే ఏం నాన్నా అని. నేను ఒప్పుకోలేదు."

ఆ సంగతి ఏడుకొండలుకు తెలియదు. అతను మామ ముఖంలోకి చూశాడు. బల్లమీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. బకిళ్ళు ఒక్కొక్కటే బిగించుకున్నాడు. వరస విడిపోయి దారి ఇచ్చింది. అతను నడిచి వచ్చి పీట ఎక్కాడు. బూట్ల కింద పసుపు నలిగింది.

గోడమీద పడ్డ అంకె అతనికి ఎప్పుడూ పడనిది, రోజూ పడేదానికి ఇంచుమించు రెట్టింపు. దాన్ని అందరూ చూశారు. కోటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఏడుకొండలు పీట దిగి బయటికి వెళ్ళిపోయాడు. రోజూ ఆ గుమ్మం దగ్గర ఆగి, "వెళ్ళొస్తా మావయ్యా," అనేవాడు. కర్మలు జరిగిన రోజుల్లో కూడా అనకుండా గడప దాటలేదు. నాంచారయ్య ఆ మాట కోసం చెవి ఒగ్గి నిలబడ్డాడు. మంచుమీద పలకలు జారిన చప్పుడు వినిపించింది.

తర్వాత అందరూ బూట్లతోనే ఎక్కారు. కోటమ్మ ఆఖరున వంగి, పీటను తాకి కళ్ళకద్దుకుని, బూటుకాలు మోపింది. అడ్డవాలు మీద ఆ రోజు ఒక్క పట్టూ విడిపోలేదు. అందరూ వెళ్ళాక నాంచారయ్య మోకాళ్ళ మీద కూర్చుని పీటను తడిగుడ్డతో తుడిచాడు. బురదతో పాటు పసుపూ వచ్చేసింది.

సాయంత్రం అన్నం వండి, పచ్చిపులుసు కలిపి, రెండు కంచాల్లో వడ్డించాడు. గుమ్మం దగ్గర అల్లుడి బూట్లు లేవు. పొద్దు గూకాక పక్కింటివాళ్ళు చెప్పారు, ఏడుకొండలు తోటపనివాళ్ళ కొట్టంలో చాప వేసుకున్నాడని, తన ఇల్లు ఇక అదేనని పీటతో కూడా చెప్పాడని.

గోడలోంచి పీట గొంతు వినిపించింది. "ఈరోజు వెళ్ళినవారందరూ క్షేమంగా ఇళ్ళకు చేరారు."

నాంచారయ్య ఇంకాసేపు గుమ్మం వైపు చూసి, రెండో కంచం మీద మూత పెట్టాడు.