ఇరవై ఆరు సెకన్లు

ఆ రోజు నాలుగింటికి ఏజెంట్ దినకర్ ఒక మనిషిని లేకుండా చేయాలి. శవం ఉండదు, రక్తం ఉండదు. ఆన్‌లైన్ చెస్‌లో హత్య అంటే అకౌంట్ బ్యాన్.

వేలూరు కోట అగడ్త గట్టున బ్రీఫింగ్. చీఫ్ లోకనాథం వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. పక్కనే నల్లద్దాల నందిత, ఫెయిర్ ప్లే సెల్ డేటా అనలిస్ట్.

"టార్గెట్ గుడియాత్తం శశికళ. దొంగాట అని నలభై ఒక్క కంప్లయింట్. నాలుగింటికి ఫైనల్. ఆమె లేకుంటే కప్పు ఫారిన్ బెట్టింగ్ ముఠా మనిషికి పోతాది. దొంగ ఆమో, కంప్లయింట్లు పెట్టినోళ్లో తేల్చు. నువ్వు నీ ఫోన్లో క్యాన్సిల్ కొట్టకుంటే నాలుగింటికి బ్యాన్ దానంతట అదే పడతాది."

"తేల్చేదేముండాది సార్?" అంది నందిత. "తేలిక ఎత్తుకూ ఇరవై ఆరు సెకన్లే, కష్టమైన ఎత్తుకూ ఇరవై ఆరే. మనిషి అట్ల ఆడతాడా? ఆమెకు కంప్యూటర్ చెప్తా ఉండాది!"

దినకర్ లోలోపల సంబరపడ్డాడు. మాజీ జిల్లా ఛాంపియనైన తను శశికళ చేతిలో మూడుసార్లు ఓడాడు. అప్పటినుంచి అన్నం సయించడం లేదు. మూడోసారి ఓడిన రోజు మారుపేరుతో ఒక బటన్ కూడా నొక్కాడు. అది ఎవరికీ తెలియదు.

నాలుగుకు పది నిమిషాలుండగా గుడియాత్తం. కరెంటాఫీసు మనిషి వేషంలో దినకర్: ఖాకీ చొక్కా, చేతిలో మీటరు పుస్తకం. మణికట్టుకు వాచీ, ఐదడుగుల్లో దొంగ సిగ్నల్ ఉంటే వణుకుతుంది.

"ఎవురప్పా?"

"ఈబీ, కరెంటు రీడింగమ్మా."

"మొన్ననే తీసినారే! సరి, చూసుకో."

వసారాలో శశికళ ఒళ్లో చేట, చేటలో బీడీ ఆకు, పొగాకు, అంచుకు ఆనించిన ఫోను. ప్రాక్టీస్ గేమ్ నడుస్తోంది. బీడీ చుట్టింది, దారం కట్టింది, వేలి కణుపుతో ఎత్తు వేసింది. మళ్లీ చుట్టింది, కట్టింది, వేసింది. దినకర్ టైము చూశాడు. ఇరవై ఆరు. ఇరవై ఆరు.

"ఎత్తు ముందే తోస్తే వేసేయవా?"

"సగంలో వదిలితే ఆకు విడిపోతాది నాయనా. కట్టినాకే ఎత్తు."

వాచీ వణకలేదు. ఆమె చెవిలోకి తొంగి చూశాడు. కమ్మలు తప్ప ఏమీ లేవు. పదేళ్ల కోచింగ్ తనది. ఈమె బీడీకీ బీడీకీ మధ్య తనను ఓడించింది! దొంగైనా బాగుండేది. ఇప్పుడు ఊరికే నిలబడితే చాలు, నాలుగవుతుంది.

"మొన్న నల్లద్దాలమ్మ ఒగామె వచ్చినాది. నేను బీడీ చుడతా ఆడేదంతా వీడియో తీసుకొని పోయినాది."

నందితకు నిజం ముందే తెలుసు! అంతలోనే దినకర్ ఫోను మోగింది. ఆమే.

"క్యాన్సిల్ కొట్టొద్దు దినకర్. ఆమె గెలిస్తే నిన్నెవురు తలుస్తారు? నీ మనసులో మాటే నేను చెప్తా ఉండా."

అది నిజమే. దినకర్ కాల్ కట్ చేశాడు. నాలుగవడానికి పది సెకన్లు మిగిలాయి.

శశికళ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఫైనలప్పా. ఈ పొద్దొక్కటీ చేట పక్కన పెడతా."

చేట లేకుండా ఇంకెంత బాగా ఆడుతుందో, అది చూడాల్సిందే! ఆ కుళ్లుతోనే, పళ్లు కొరుక్కుంటూ, ఆఖరి సెకనులో దినకర్ క్యాన్సిల్ నొక్కాడు.

గంటలో శశికళ గెలిచింది. ముఠాకు అమ్ముడుపోయిన నందిత పారిపోతూ కాట్పాడి రైల్వే స్టేషన్లో దొరికింది. లోకనాథం ఫోన్ చేశాడు.

"శభాష్! నలభై కంప్లయింట్లు ముఠావే. అన్నిటికన్నా మొదటిది మాత్రం వేలూరుది. ఎవుడో ఓడిపోయి, ఓర్వలేక పెట్టినాడు. వాణ్ని పట్టు. ఎంత టైము కావాల?"

"ఇరవై ఆరు సెకన్లు చాలు సార్."

అందులో ఇరవై ఐదు, నోరు పెగలడానికే పట్టాయి.