పిన్ని కుట్టిన గుండీలు

"ఆ కుర్రాడు ఎదగలేదండీ, ఎగిరిపోయాడు! పెంచిన పిన్నిని గాలికొదిలేసి ఓడెక్కడం ఏం గొప్ప?"

గ్రంథాలయం మేడ మీద గదిలో ఆమె బల్ల గుద్దింది. ఎదురుగా కూర్చున్న పళ్ళ డాక్టరు ఉలిక్కిపడ్డాడు. రోజంతా జనాన్ని నోరు తెరవమని బతిమాలేవాడికి, ఇలా అడక్కుండానే నోరు తెరిచే మనిషి తగలడం కొత్త.

పాఠకుల సమావేశంలో ఇద్దరూ కలిసి ఒక పాత నవలను విశ్లేషించాలి. తల్లిదండ్రులు లేని కుర్రాడు పిన్ని దగ్గర పెరిగి, చివరికి లోకం చూడ్డానికి ఓడెక్కే కథ. ఆమె రేడియోలో సౌండ్ ఇంజనీరు. కొన్ని వారాలుగా ఆ నవల మీద ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"మీరు చివరి అధ్యాయం స్పీడుగా చదివేశారు," అన్నాడతను.

"మీరు నత్తలా చదివారుగా, ఏం కనిపెట్టారో సెలవివ్వండి!"

"కుర్రాడు ప్రయాణం మాట ఎత్తకముందే పిన్ని వాడి కోటుకి ఊడిన గుండీలన్నీ కుట్టింది. ఆవిడకి ముందే తెలుసు. వాడు వదిలేసి పోలేదండీ, ఆవిడే సాగనంపింది."

ఆమె పేజీ తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. కిటికీ బయట వాన మొదలైంది. ఆమె కళ్ళలోనూ మబ్బు పట్టడం చూసి అతను కంగారుగా అడిగాడు.

"తప్పు మాట్లాడానా?"

"లేదు. నన్నూ అన్నయ్యే పెంచాడు," అంది మెల్లగా. "చాలా దూరపు ఊళ్ళో ఏడాది ట్రైనింగుకి సీటొచ్చింది. ఇంట్లో చెప్పలేదు. రానని రాసేద్దామనుకుంటున్నా."

అతను చేతిలోని నవల మూసేశాడు. ఆమెతో దెబ్బలాట కోసమే వారమంతా ఎదురుచూసే మనిషి మరి. నవల విషయంలో తనదే తప్పని ఒక్క ముక్క ఒప్పుకుంటే ఆమె ఇక్కడే ఉండిపోతుంది. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

దాన్ని మింగేసి, "అన్నయ్యగారిని అడగండి," అన్నాడు. "ఆయన మనసులో ఏముందో మీరే తేల్చెయ్యకండి."

సమావేశం రోజున ఆమె నిండుగా నవ్వుతూ, తన వాదన ఓడిపోయిందని అందరి ముందూ ఒప్పుకుంది. చప్పట్లు మోగాయి. గెలిచినవాడి మొహం మాత్రం ఆముదం తాగినట్టుంది.

అంతా అయ్యాక ఆమె అన్నయ్య వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"డాక్టరుగారూ, సీటు సంగతి వాళ్ళ ఆఫీసువాళ్ళు నాకెప్పుడో చెప్పారు. వెళ్ళమంటే వదిలించుకుంటున్నాననుకుంటుందేమోనని నోరెత్తలేదు. అడగమని మంచి పని చేశారు."

"మంచి పనేనండీ," అన్నాడతను నీరసంగా.

బయట మళ్ళీ వాన పట్టుకోవడంతో, గొడుగు తెస్తానంటూ అన్నయ్య కిందికి దిగాడు.

"నెగ్గింది మీరేగా, ఆ ఏడుపు మొహమేంటి?" అందామె.

"వెళ్ళిపోతారని తెలిసే అడగమన్నాను. నా అంత తెలివితక్కువవాడు ఏ నవల్లోనూ ఉండడు. మీరు వెళ్ళాలి. కానీ... మీరంటే నాకు చాలా ఇష్టం. ఇదొక్కటీ చెప్పకపోతే నాకు ఊపిరాడదు."

ఆమె కొంగ్రొత్తగా సిగ్గుపడింది. "ఆ నవల్లో కుర్రాడి మనసంతా తవ్విపోశారు. ఎదురుగా ఉన్నదాని మనసు ఒక్క పేజీ చదవలేదే! మీతో దెబ్బలాడ్డానికే ఆఫీసులో షిఫ్టు మార్పించుకున్నాను, తెలుసా?"

"అయితే..."

"అయితే లేదు, గియితే లేదు. ఏడాదిపాటు ఫోన్లో దెబ్బలాడుకుందాం. వచ్చాక ఒకే ఇంట్లో."

మెట్ల మీద ఎవరో గట్టిగా దగ్గారు. అన్నయ్య! తెచ్చింది ఒక్కటే గొడుగు. దాన్ని అతని చేతిలో పెట్టి, "ఇల్లు దగ్గరే. మీరిద్దరూ మెల్లగా రండి," అంటూ తను వానలో తడుస్తూ ముందు నడిచాడు.